బ్రష్ ఫాంటు సొంతంగా చేసుకోవడం ఎలా: వత్తుతో మొదలుపెట్టి బోర్డు ఎక్కించే దాకా

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఫ్లెక్స్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు, అటు మహారాష్ట్రలో సిరొంచ, ధర్మాబాద్ వైపు డీటీపీ చేసుకునేవాళ్లు తరచూ ఒకటే అడుగుతున్నారు. కుంచెతో దిట్టంగా, సరదాగా రాసినట్టుండే తెలుగు ఫాంటు సొంతంగా చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పక్కన ఒడియానో మరాఠీనో ఉన్నా అది నప్పేలా ఎలా చూసుకోవాలి?

చాలామంది అ, ఆ, ఇ, ఈ అంటూ మొదలుపెడతారు. ముచ్చటగా హల్లుల దాకా వచ్చి, వత్తుల దగ్గర చతికిలబడతారు. అప్పటికే అక్షరాలు లావుగా అయిపోయి, కింద వత్తుకు చోటుండదు. అందుకే ఇక్కడ వరస తిరగేశాను. ముందు వత్తు, తర్వాతే అక్షరం.

1. అసలు ఫాంటు అవసరమా?

ఒక్క కొట్టుకు ఒక్క బోర్డే అయితే ఫాంటు జోలికి పోకండి. ఆ పేరు మటుకు కాగితం మీద కుంచెతో రాసి, స్కాన్ చేసి వాడుకోండి. పూటలో అయిపోతుంది, పైగా ఫాంటు కంటే అందంగా వస్తుంది.

నెలకు పది బోర్డులు, పెళ్లి ఫ్లెక్సులు, జాతర పోస్టర్లు చేసేవాళ్లకు ఫాంటు పనికొస్తుంది. వాళ్లు కూడా ముందు ఉచితంగా దొరికేవి చూడాలి. గూగుల్ ఫాంట్స్‌లో రవిప్రకాశ్, లక్కిరెడ్డి ఉన్నాయి. మూడు లిపులూ కావాలంటే ఏక్ టైప్ అనే ఫాంటు సంస్థ వాళ్ల బలూ కుటుంబం మేలు. తెలుగుకు బలూ తమ్ముడు, ఒడియాకు బలూ భాయినా, దేవనాగరికి బలూ ఉన్నాయి, అన్నీ ఒకే చేతివాటం. వీటితో పని జరిగిపోతే మీ ఫాంటు తొందరేమీ లేదు. జరగకపోతే చదవండి.

2. సరంజామా

- పావు అంగుళం, అంటే 6 మి.మీ. ఫ్లాట్ బ్రష్ ఒకటి
- వత్తుల కోసం 5 మి.మీ. ఫ్లాట్ బ్రష్ ఇంకొకటి
- నల్ల పోస్టర్ కలర్ లేదా ఇండియన్ ఇంక్
- మందపాటి ఏ4 కాగితం. నునుపుగా మెరిసేది వద్దు, రంగు జారిపోతుంది
- లేత నీలం పెన్సిల్, స్కేలు
- స్కానర్ ఒకటి. ఫోన్ కెమెరా చాలదు, అంచుల్లో అక్షరం వంగుతుంది
- కంప్యూటర్లో ఇంక్‌స్కేప్, ఫాంట్‌ఫోర్జ్ (రెండూ ఉచితం)

రంగు మజ్జిగ కంటే చిక్కగా, పెరుగు కంటే పలచగా ఉండాలి. పలచనైతే అంచు పాకుతుంది. చిక్కనైతే సగంలో కుంచె ఆగిపోతుంది, ఆ ఆగిన చోట గీత గుబురుగా ఉబ్బుతుంది.

వత్తులకు రెండో కుంచె ఎందుకని అడుగుతారు. పెద్ద అక్షరాన్నే కంప్యూటర్లో తగ్గించి వత్తు చేస్తే దాని గీత కూడా అంతే సన్నబడుతుంది. పైన దిట్టమైన అక్షరం, కింద పీలగా వేలాడే వత్తు కనిపిస్తాయి. వత్తు ఎత్తు తగ్గాలి కానీ గీత మందం అంతగా తగ్గకూడదు. 6 పక్కన 5 సరిపోతుంది.

3. గీతలు గీసుకోవడం

ఈ పనిలో చేయి తిరగడం కంటే గీతలు సరిగా ఉండటమే ముఖ్యం. తలకట్టు, గుణింతపు గుర్తులు తీసేసి క, ర, వ లాంటి అక్షరం ఒడలు ఎంత ఎత్తుంటుందో అది ముందు తేల్చుకోవాలి. కుంచె వెడల్పుకు 5 రెట్లు పెట్టండి. 6 మి.మీ. కుంచెకు 30 మి.మీ. ఒడలు.

- తలకట్టు, గుడి, ఏత్వాలకు పైన 18 మి.మీ.
- ఒడలు 30 మి.మీ.
- వత్తుకు కింద 24 మి.మీ.

మొత్తం 72 మి.మీ. అయింది. ఏ4 నిలువుగా పెడితే నాలుగు వరసలు పడతాయి. ఫాంటు ఫైలులో 1000 యూనిట్ల లెక్కకు మారిస్తే పైన 300, ఒడలు 500, కింద 400 వస్తాయి. గీత మందం 100, వత్తు గీత 80 పైచిలుకు. ఈ అంకెలు ఒక చీటీ మీద రాసి గోడకు అంటించుకోండి, చివరిదాకా అవసరం పడతాయి.

మొత్తం 1200 అయిందని కంగారు వద్దు. అక్షరం 1000 దాటకూడదన్న రూలేమీ లేదు. దాటిన సంగతి ఫాంటుకు చెప్పాలి, అంతే. అది 8వ మెట్టులో ఉంది.

4. మొదటి పదం: మహారాష్ట్ర

మీరు ఒడిశా వైపు ఉన్నా సరే, ఈ పదంతోనే మొదలుపెట్టండి. ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. తెలుగులో బ్రష్ ఫాంటును ఇంతగా ఇరకాటంలో పెట్టే మాటలు తక్కువ.

రెండు వత్తులు వచ్చినప్పుడు దారులు రెండు. ఒకదాని కింద ఒకటి పెట్టడం, లేదా పక్కపక్కన పెట్టడం. సన్నటి ఫాంటులో కిందకి పేర్చినా నడుస్తుంది. దిట్టమైన బ్రష్‌లో అలా పేరిస్తే 400 యూనిట్లు చాలవు, వరసల మధ్య ఖాళీ పెంచాలి, అప్పుడు పోస్టర్ మీద రెండు లైన్లు విడిపోయినట్టుంటాయి. కాబట్టి పక్కపక్కనే. ట వత్తు ష కిందకు ఎడమగా జరపండి, ర వత్తు దాని కుడి పక్కన పడనివ్వండి. ష వెడల్పు కొంచెం పెరిగినా ఫర్వాలేదు.

ఇప్పుడు రాసిన కాగితాన్ని గోడకు అంటించి దూరం జరగండి. బోర్డులు రాసేవాళ్ల లెక్క ప్రకారం 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉండాలి. మీ ఒడలు 30 మి.మీ., అంగుళం పైనే. 12 అడుగుల నుంచి ష, ట వత్తు, ర వత్తు మూడూ విడివిడిగా కనిపించాలి. ట వత్తు పొట్ట మూసుకుపోయి నల్లటి ముద్దలా ఉంటే కుంచె లావైందని అర్థం. అక్షరాలన్నీ రాశాక కాదు, ఇప్పుడే కుంచె మార్చండి.

ఇది కుదిరాక శ్రీ రాయండి. మన కొట్ల పేర్లు సగం శ్రీతోనే మొదలవుతాయి. శ్రీని ముక్కలుగా అతికించకుండా ఒకే బొమ్మగా, ర వత్తు ఎడమవైపు గట్టిగా చుట్టుకునేలా రాసి పెట్టుకోండి. క్ష కూడా అంతే.

5. మిగతావి ఏ వరసలో రాయాలి

హల్లులు దాదాపు 35, గుణింతపు గుర్తులు డజను. అన్నీ కలిపి రాయబోతే నాలుగు వందలు దాటుతాయి, ఓపిక చాలదు. ముక్కలుగా రాసి కంప్యూటర్లో కలపాలి. కలవనివి మాత్రమే విడిగా రాయాలి.

వరస ఇది:

- వత్తులన్నీ. క, త, న, మ, య, ర, ల వత్తులకు సొంత రూపాలుంటాయి, వాటికి ఎక్కువ కాగితాలు పెట్టండి. గ, డ, ప లాంటివి తలకట్టు తీసేసిన చిన్న అక్షరాలే.
- తలకట్టు లేని హల్లులు. క, గ, త, న అన్నీ తలకట్టు లేకుండానే రాయండి. కి, కె, కా, క్ అన్నప్పుడు తలకట్టు పోయి దాని చోట గుర్తు వస్తుంది కదా, అందుకు.
- తలకట్టు విడిగా, మూడు నాలుగు రకాలు.
- గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు.
- అచ్చులు.
- మాట వినని అక్షరాలు.
- అంకెలు, చుక్క, కామా, రూపాయి గుర్తు. బోర్డు మీద ఫోన్ నంబరు రాకుండా ఉండదు, అంకెలు చివర్లో హడావుడిగా కానివ్వకండి.

మాట వినని వాటి సంగతి కాస్త చెప్పాలి. ఖ, జ, ట, ణ, బ, ల లకు తలకట్టే ఉండదు, వీటికి గుర్తులు అతుక్కునే చోటు వేరు. హా, మా, యా, ఘా లలో దీర్ఘం తల మీద కాకుండా కుడి తోక నుంచి లేస్తుంది. మొ, యొ, ఘొ మిగతా ఒత్వాల్లా ఉండవు, ఎత్వం పెట్టి కొమ్ము తగిలించాలి. వు కొమ్మును కుడి పక్కన నేరుగా అతికిస్తే అది మ అయి కూర్చుంటుంది, పు, ఫు లకూ ఇదే జాగ్రత్త. ఇవన్నీ ఒక్కొక్కటీ చేత్తో రాయాల్సినవే.

ఐత్వానికి పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు. కింద అప్పటికే వత్తు ఉంటే రెండూ ఢీకొంటాయి. "డ్రై క్లీనర్స్" అని రాసి చూస్తే తెలుస్తుంది. డ్రై, ట్రై, క్రై లాంటివి బోర్డుల మీద తరచూ వస్తాయి కాబట్టి వాటినీ విడి బొమ్మలుగా రాసుకోండి.

ప్రతి రూపం మూడు సార్లు రాయండి. మొదటిది చేయి బిగుసుకుని వస్తుంది. సాధారణంగా రెండోదో మూడోదో తీసుకుంటాం. గీతను మధ్యలో ఆపి దిద్దకండి. దిద్దిన గీత స్కాన్‌లో దొంగలా దొరికిపోతుంది.

6. సరదాతనం ఎంతవరకు

కుంచె ఫాంటు అనగానే అక్షరాలను ఎడాపెడా గెంతించాలన్న ఉబలాటం పుడుతుంది. తెలుగులో అది త్వరగా చెడుతుంది. అక్షరం పైకి లేచి, వత్తు కిందే ఉండిపోతే ఆ వత్తు కింది లైను అక్షరానిదేమో అనిపిస్తుంది.

గెంతు 25 యూనిట్లకు మించనివ్వకండి. గెంతిస్తే అక్షరాన్ని, వత్తును కలిపి గెంతించండి. వంపు కూడా అన్నీ ఒకే వైపు, రెండు మూడు డిగ్రీలు చాలు.

అసలు సరదా పుట్టేది మారు రూపాల వల్ల, అంటే ఒకే అక్షరాన్ని కాస్త తేడాగా రాసుకున్న రూపాల వల్ల. ఒకే పదంలో ఒకే అక్షరం రెండుసార్లు అచ్చుగుద్దినట్టు వస్తే చేతిరాత కాదని ఇట్టే తెలిసిపోతుంది. మన భాషలో బహువచనాలు "లు"తో ముగుస్తాయి. "పట్టు చీరలు, గాజులు, పూసలు" అన్న బోర్డులో మూడు "లు"లు దగ్గరదగ్గరగా పడతాయి. కాబట్టి లు కు మూడు రూపాలు, ర, న, క, త, మ లకు రెండేసి, తలకట్టుకు మూడు. మిగతా వాటికి ఒక్కటే చాలు. తలకట్టు మారితేనే సగం అక్షరాలు కొత్తగా కనిపిస్తాయి, ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభం మరెక్కడా లేదు.

7. స్కాన్, ట్రేస్

600 డీపీఐలో, గ్రేస్కేల్‌లో స్కాన్ చేయండి. 30 మి.మీ. ఒడలు దాదాపు 700 పిక్సెళ్లు వస్తుంది. అది చాలు. నీలం పెన్సిల్ గీతలు లెవెల్స్ (నలుపు తెలుపుల తేడా) పెంచితే మాయమవుతాయి.

ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ తెరిచి, చిన్న మరకలు తీసేసే ఆప్షన్ ఆన్ చేయండి. తర్వాత సింప్లిఫై ఒకసారి. రెండుసార్లు కొడితే కుంచె ముక్కు అరిగిపోయి సబ్బు బిళ్లలా తయారవుతుంది.

అక్షరానికి 40 పాయింట్లు (గీతను మలిపే చుక్కలు) దాటాయంటే ఇంకా చెత్త ఉన్నట్టే. ఆరిన కుంచె గీరల సొగసు అందరికీ ఇష్టమే, కానీ ఒక్కో గీర వందల పాయింట్లు తెస్తుంది. తలకట్టు కొసలోనో, ర వత్తు తోకలోనో ఒకటి రెండు చోట్ల ఉంచి మిగతావి నింపేయండి. మరీ కావాలంటే గీరలున్నది ఒకటి, లేనిది ఒకటి, రెండు ఫాంట్లు చేయండి. ఫోన్‌లో పంపే పోస్టర్లకు మొదటిది, బోర్డులకు రెండోది.

8. ఫాంట్‌ఫోర్జ్‌లో కూర్చడం

- ఒక్కో బొమ్మను దాని యూనికోడ్ గడిలోకి (ఆ అక్షరానికి కేటాయించిన నంబరులోకి) తెచ్చి, ఒడలు సరిగ్గా 500 యూనిట్లకు సర్దండి.
- వత్తులకు, మారు రూపాలకు యూనికోడ్ గడులు ఉండవు. వాటికి పేర్లు పెట్టి విడిగా ఉంచండి.
- ప్రతి హల్లుకూ రెండు యాంకర్లు, అంటే గుర్తు వచ్చి అతుక్కునే చుక్కలు, పెట్టండి. తల మీద ఒకటి, కింద ఒకటి. వత్తులకు, గుర్తులకు వాటికి జతయ్యే యాంకర్లు పెట్టండి.
- ఇది తెలుగు ఫాంటని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే స్క్రిప్టు ట్యాగుగా పాత టిఇఎల్‌యుతో పాటు కొత్త టిఇఎల్2 కూడా పెట్టండి.
- వత్తు నియమం రాసేటప్పుడు కొత్త ట్యాగులో ముందు పొల్లు, తర్వాత హల్లు. ఇది తిరగబడితే క్క బదులు పొల్లు పెట్టిన క, పక్కన ఇంకో క వస్తాయి.
- ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలను రిమూవ్ ఓవర్‌ల్యాప్‌తో ఒక్కటి చేయండి.
- ఎత్తు లోతుల పట్టికలో విన్ అసెంట్ 800, విన్ డిసెంట్ 400 ఉన్నాయో లేదో చూడండి. మీ వత్తుల్లో అన్నిటికంటే కిందకు దిగేది 400 దాటితే ఆ అంకెనే వేయండి.

ఆఖరి సంగతి మరిచిపోతే విండోస్‌లో వత్తుల అడుగు కోసేసినట్టు కనిపిస్తుంది. ఫాంటు పాడైందనుకుని మొదటి నుంచి చేసేవాళ్లుంటారు, ఒక అంకె మారిస్తే పోయే దానికి.

అక్షరాల మధ్య ఖాళీ పెట్టేటప్పుడు వత్తు లేని పదంతో మొదలుపెట్టండి, "కిరాణా", "మిఠాయి" లాంటివి. వాటికి కుదిరాక "పచ్చళ్లు" అని వేసి చూడండి. వత్తు కుడికి పొడుచుకొచ్చి పక్క అక్షరం వత్తును తగిలితే అక్షరం ఖాళీ పెంచకుండా ఆ జంటకు మాత్రమే కెర్నింగ్ (రెండు అక్షరాల మధ్య దూరం సర్దడం) ఇవ్వండి.

9. మన ఊళ్ల పేర్లతో పరీక్ష

అ నుంచి ఱ దాకా వరసగా టైపు చేసి బాగుందనుకోవడం పరీక్ష కాదు. ఈ పేర్లు టైపు చేయండి:

- బ్రహ్మపురం: హ కింద మ వత్తు, బ కు ర వత్తు. రెండు వత్తులూ ఒకే లోతులో ఉండాలి.
- శ్రీ మజ్జిగౌరి (రాయగడ అమ్మవారు): జి తల గుడికి, జ వత్తుకు మధ్య ఒడలు నలగకూడదు.
- మల్కన్‌గిరి: న్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (కంటికి కనపడని, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) కొట్టాలి. కొట్టకపోతే గ వత్తుగా దిగిపోతుంది. కొట్టినచోట ఖాళీ డబ్బా కనిపిస్తే ఆ గడిలో వెడల్పు లేని ఖాళీ బొమ్మ చేర్చండి.
- సిరొంచ: రొ కు హ్రస్వం, రో కు దీర్ఘం. దూరం నుంచి తేడా తెలియాలి.
- ధర్మాబాద్: ధ కింది గీత కనిపిస్తోందా, లేక ద లా ఉందా? చివరి పొల్లు తలకట్టు చోటులోనే ఉందా?
- ప్రాణహిత పుష్కరాలు: ప, ష పక్కపక్కన వచ్చినప్పుడు ఒకటే అనిపించకూడదు.

ఒకే కంప్యూటర్లో చూసి సరిపెట్టుకోకండి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, ఒక విండోస్ యంత్రం, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, నాలుగు చోట్లా చూడాలి. వత్తులు కలిపే ఇంజిను అన్ని చోట్లా ఒకటే కాదు.

10. ఒడియా పక్కన, మరాఠీ పక్కన

మహారాష్ట్రలో 2022 సవరణ తర్వాత చిన్న కొట్లకు కూడా బోర్డు మీద దేవనాగరిలో మరాఠీ ముందు రావాలి, ఆ అక్షరాలు మిగతా భాషల కంటే చిన్నవి కాకూడదు. ఒడిశాలో కూడా బోర్డు మీద ఒడియా ఉండాల్సిందే. కాబట్టి తెలుగు ఒక్కటే ఉన్న బోర్డును మనసులో పెట్టుకుని ఫాంటు చేస్తే సరిహద్దులో అక్కరకు రాదు.

డిజైన్ సాఫ్ట్‌వేర్ చూపించేది లైను మొత్తం ఎత్తు, దాన్ని బట్టి రెండు లైన్లనూ సమానం చేస్తే చిక్కు. తెలుగు లైనులో వత్తు ఎత్తు కూడా కలుస్తుంది కనుక మన అక్షరం చిన్నదైపోతుంది. దాన్ని నమ్మకుండా ఒడలు నుంచి ఒడలు కొలవండి. ఒడియా అక్షరంలో పై వంపు కూడా ఒడలు కిందే లెక్క. దేవనాగరిలో తలగీత నుంచి కింది దాకా కొలవాలి. మహారాష్ట్ర బోర్డు అయితే మరాఠీని ఆ కొలతలో పిసరంత పెద్దగా ఉంచండి, పేచీ ఉండదు.

గీత మందం కూడా అంతే. దేవనాగరి తలగీత లైను పొడవునా సాగుతుంది కాబట్టి అదే మందంలో ఉన్నా తెలుగు కంటే నల్లగా కనిపిస్తుంది. ఒక మెట్టు తక్కువ మందం ఎంచుకోండి. ఒడియాలో పై వంపు లావైతే లోపలి చిన్న కొక్కేలు మూసుకుపోతాయి, అక్కడ కూడా ఒక మెట్టు తగ్గించాలి. బలూ కొత్త కూర్పు బలూ 2లో 400 (మామూలు) నుంచి 800 (బాగా లావు) దాకా మందాలున్నాయి గనక జతకు అనుకూలం.

మరాఠీ వాక్యానికి భాష మరాఠీ అని ఎంచుకోవడం మరవకండి. ల, శ రూపాలు హిందీలో ఒకలా, మరాఠీలో ఒకలా ఉంటాయి. ఎంచుకోకపోతే సిరొంచలో హిందీ ల ఎక్కుతుంది, కొట్టు యజమాని కంటే ముందు దారిన పోయేవాళ్లే పట్టుకుంటారు.

11. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారులు

- థ, ఠ పొట్టలో చుక్క మూసుకుపోవడం: ఒడలు వెడల్పు పదో వంతు పెంచండి. గీత సన్నం చేయకండి, అక్షరం ఒక్కటే వేరుగా కనిపిస్తుంది.
- ఛ, ఢ, థ, ధ, భ, ఫ కింది గీత కనపడకపోవడం: దాన్ని 5 మి.మీ. కుంచెతో విడిగా రాసి అతికించండి.
- తలకట్టు రెండుసార్లు రావడం: హల్లును తలకట్టుతో కలిపి ఉంచారు. విడదీయాలి.
- గుడి గాలిలో తేలడం: తల మీది యాంకర్ అన్ని అక్షరాలకూ ఒకే చోట పెట్టేసి ఉంటారు. ర, న, ల లకు విడిగా జరపండి.
- పాత మేటర్ వేస్తే ఇంగ్లీషు అక్షరాలు రావడం: అది అను ఫాంట్ల లాంటి, యూనికోడ్ రాకముందు పద్ధతిలో టైపు చేసింది. యూనికోడ్‌లోకి మార్చాకే మీ ఫాంటు పనిచేస్తుంది.
- ఫొటోషాప్‌లో వత్తులు విడిపోవడం: ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి (పాత వెర్షన్లలో).

12. ప్రింటుకు పంపడం

షాపులో ఇంకా పేజ్‌మేకర్ వాడుతుంటే యూనికోడ్ ఫాంటు అక్కడ పనిచేయదు. వాళ్లతో వాదన పెట్టుకోకుండా మీ దగ్గరే అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. మార్చే ముందు టైపు చేసిన ఫైలు విడిగా దాచుకోండి. ఫోన్ నంబరు మారిందని మర్నాడే ఎవరో ఒకరు వస్తారు.

వేరేవాళ్ల ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్సు) ఫాంటు నుంచి ఏవైనా రూపాలు తీసుకుని మార్చి ఉంటే మీ ఫాంటు కూడా అదే లైసెన్సులో ఉండాలి. వాళ్లు పేరు రిజర్వు చేసుకుని ఉంటే ఆ పేరు వాడకూడదు. లైసెన్సు ఫైలు ఫాంటుతో పాటే పంపండి.

ఫ్లెక్స్ మీద చిన్న లోపాలు కలిసిపోతాయి. వినైల్ కటింగ్ అలా కాదు. బ్లేడు ప్రతి పాయింటు దగ్గరా మలుపు తిరుగుతుంది, గీరలున్న అక్షరం పీలికలై వస్తుంది. ఓవర్‌ల్యాప్ తీయకుండా పంపితే వత్తు ఒక ముక్క, అక్షరం ఒక ముక్కగా ఊడొస్తాయి. మొత్తం బోర్డు కత్తిరించే ముందు "శ్రీ" ఒక్కటి, నాలుగు అంగుళాల ఎత్తులో కత్తిరించి ఇమ్మనండి. ర వత్తు తోక చిరగకుండా షీటు మీద నుంచి లేస్తే మిగతా బోర్డు కూడా కత్తిరించమనవచ్చు. చిరిగితే ఆ తోక మందం పదేసి యూనిట్లు పెంచుకుంటూ మళ్లీ కత్తిరించి చూడండి.